పాత లాప్‌టాప్, మూడు పెళ్లి సీడీలు, ఇంటికో సర్వర్

నిరుడు దసరా వరకు మా ఇంట్లో ఏ ఫొటో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొన్ని మా వారి ఫోనులో, కొన్ని నా ఫోనులో, అమ్మాయి పుట్టినప్పటివి ఒక పెన్‌డ్రైవులో. మామయ్యగారి షష్టిపూర్తి డీవీడీ మరిది దగ్గరుందని మేము, మా దగ్గరుందని మరిది అనుకుంటూ అయిదేళ్లు గడిపేశాం. 2003లో జరిగిన మా పెళ్లి మూడు వీసీడీల్లో బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. చూద్దామంటే సీడీ పెట్టే పరికరమే ఇంట్లో లేదు.

విజయవాడలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద అత్తయ్య, మామయ్య, పైన మేము. అత్తయ్యకు మనవరాలి డాన్సు వీడియో చూడాలనిపిస్తే నేను కిందికి దిగాలి, నా ఫోనును ఆవిడ టీవీకి కలపాలి, వీడియో అయ్యేదాకా నా ఫోను నాకు ఉండదు. అందుకే ఫొటోలు, వీడియోలన్నీ ఒకేచోట పెట్టి ఇంట్లో అందరికీ అందించే సర్వర్ పని మొదలుపెట్టేటప్పుడు ఒక్కటే షరతు పెట్టుకున్నాను: నేను మెట్లు దిగకుండా అత్తయ్య తన టీవీలో తానే చూసుకోగలగాలి. కింద రాసినవన్నీ ఆ షరతు కోసం చేసినవే. మీ షరతు వేరైతే కొన్ని వదిలేయవచ్చు.

యంత్రం

సర్వర్ అనగానే చల్లటి గదిలో వరుసగా మెరిసే పెట్టెలు ఊహించుకోకండి. ఎప్పుడూ మెలకువగా ఉండి, అడిగినవారికి అడిగిన ఫైలు అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే. మాకు 2017లో కొన్న లాప్‌టాప్ ఒకటి మూలన పడి ఉంది. ఇంటెల్ ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. కీబోర్డులో మూడు అక్షరాలు పనిచేయవు. విండోస్ 11 దానికి ఎక్కదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి దాంట్లో మెయిల్ చూడను, బ్యాంకు పనులు అసలే చేయను. అది ఇంట్లోవారికి ఫైళ్లు అందించడానికి మాత్రమే. లినక్స్ తెలిసినవారు నిస్సందేహంగా లినక్స్ పెట్టుకోండి. నేను లేనప్పుడు మా వారు కూడా చూసుకోగలగాలి కనుక నేను విండోస్‌తోనే ఆగాను.

పాత లాప్‌టాప్‌లో నాకు నచ్చిన గుణం బ్యాటరీ. అరిగిపోయినదైనా కరెంటు పోతే అరగంట నిలబెడుతుంది, విడిగా యూపీఎస్ అక్కరలేదు. అయితే ఎప్పుడూ చార్జింగులోనే ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. నెలకోసారి లాప్‌టాప్‌ను బల్లపరుపుగా పెట్టి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు ఊగుతున్నా వెంటనే ఆపి బ్యాటరీ తీయించేయండి. చార్జింగును 80 శాతం దగ్గర ఆపే వీలు మీ లాప్‌టాప్‌లో ఉంటే అది పెట్టుకోండి. మరో శత్రువు వేడి. మా ఊరి మే నెల గురించి చెప్పక్కరలేదు. నేను దాన్ని హాల్లో గాలి తగిలే అరలో పెట్టి, కింద నాలుగు మూలలా నీళ్ల సీసా మూతలు ఆనించి ఎత్తు చేశాను. బీరువాలోనో టీవీ వెనకో కనబడకుండా దాచాలనే సరదా మానుకోండి.

కరెంటు బిల్లు సంగతి మామయ్యగారు మొదటి రోజే అడిగారు. మాది సగటున 20 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజంతా నెలరోజులు నడిస్తే 14 యూనిట్లు. సీలింగ్ ఫ్యానుకంటే తక్కువేనని చెప్పాక ఆయన మళ్లీ అడగలేదు.

డిస్కు మాత్రం కొత్తది కొన్నాను, 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు. తగిలించగానే 1.81 టీబీ అనే చూపిస్తుంది. దుకాణంవాడు మోసం చేయలేదు. తయారుచేసేవారు వెయ్యితో లెక్కపెడతారు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది, తేడా అంతే. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకు కలపండి, సాధారణంగా లోపల నీలం రంగు ఉంటుంది. ఆ వెంటనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికొక స్థిరమైన అక్షరం ఇవ్వండి. నేను ఎం అని ఇచ్చాను. ఇది చేయకపోతే ఏదో ఒక రోజు పెన్‌డ్రైవు ముందు పెట్టినప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. సర్వర్ తన ఫైళ్లు పోయాయనుకుంటుంది, మీరు మీ ఫైళ్లు పోయాయనుకుంటారు.

నిద్రపోనివ్వకండి, చిరునామా మారనివ్వకండి

విండోస్ పవర్ సెట్టింగులలో మూడు మార్పులు చేయాలి. స్లీప్ ఎప్పటికీ వద్దు. హార్డ్ డిస్కు ఆగిపోవడం వద్దు. మూత వేస్తే ఏమీ చేయకు. ఈ మూడోదాన్ని మరిచిపోతే, చక్కగా సర్ది మూత వేసిన మరుక్షణం సర్వర్ నిద్రలోకి జారుకుంటుంది.

తర్వాత లాప్‌టాప్‌ను రూటరుకు వైఫైతో కాకుండా తీగతో కలపండి. వీడియో సర్వర్ నుంచి రూటరుకు ఒకసారి, రూటరు నుంచి టీవీకి ఒకసారి ప్రయాణిస్తుంది. రెండు ప్రయాణాలూ గాలిలోనే అయితే మధ్యలో ఆగి ఆగి వస్తుంది. మా రూటరు పోర్టు వంద మెగాబిట్లదే. సెకనుకు 11 మెగాబైట్ల చొప్పున వెళుతుంది, 4 జీబీ ఫైలుకు ఆరు నిమిషాలు పడుతుంది. వీడియో చూడడానికి అది ధారాళంగా సరిపోతుంది. పెద్ద పెద్ద ఫైళ్లు రోజూ అటూ ఇటూ మార్చేవారే దీనికి పదింతల వేగమున్న గిగాబిట్ పోర్టు కోసం వెతకాలి.

ఇక చిరునామా. రూటరు ఇంట్లో ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామా ఇస్తుంది, అదే ఐపీ. అది శాశ్వతం కాదు. దాన్ని స్థిరం చేసే పనిని మొదటిసారి నేను వదిలేశాను. నాలుగో రోజు కరెంటు పోయి వచ్చింది. రూటరు మళ్లీ లేచి లాప్‌టాప్‌కు మరో అంకె ఇచ్చింది. కింది నుంచి అత్తయ్య కేక వేశారు: "అమ్మాయ్, నీ సర్వరు ఊరెళ్లిపోయింది!" రూటరు పేజీ తెరిచి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అన్నచోట లాప్‌టాప్‌ను ఎంచుకుని 192.168.1.20 అని శాశ్వతంగా రాసిచ్చాక మళ్లీ ఆ కేక వినలేదు. మీ రూటరులో మూడో అంకె 1 బదులు 0 కావచ్చు, అది మార్చకండి, చివరి అంకె ఒక్కటే మీ ఇష్టం.

ఫోల్డరు పంచుకోవడం

ముందు నెట్‌వర్క్ సెట్టింగులలో మీ కనెక్షన్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో చూడండి. పబ్లిక్ అంటే బస్టాండులో కూర్చున్నట్టు, విండోస్ ఎవరికీ కనబడకుండా ముడుచుకుంటుంది. ప్రైవేట్ చేయండి. "అన్నీ సరిగ్గానే చేశాను, అయినా ఫోనులో కనబడటం లేదు" అనేవారిలో చాలామందికి చిక్కు ఇక్కడే ఉంటుంది. రెండో అనుమానం గెస్ట్ వైఫై. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోను ఇంటి పరికరాలను చూడలేదు, రూటరు కావాలనే అడ్డుకుంటుంది.

తర్వాత విండోస్‌లో ఇంటి పేరుతో కొత్త లోకల్ యూజర్‌ను, పాస్‌వర్డుతో సహా సృష్టించండి. మీ సొంత ఖాతాతో పంచుకోవద్దని ఎందుకంటున్నానంటే, మనం లాప్‌టాప్‌లోకి నాలుగంకెల పిన్‌తో వెళతాం. వేరే పరికరం నుంచి ఫోల్డరు తెరిచినప్పుడు అది అసలు పాస్‌వర్డు అడుగుతుంది, పిన్ ఒప్పుకోదు. ఒక సాయంత్రమంతా పిన్ కొట్టి కొట్టి నా మీద నాకే కోపం వచ్చాక తెలిసిన సంగతి ఇది.

ఎం డ్రైవులో రెండు ఫోల్డర్లు చేశాను. ఒకటి ఇల్లు, రెండోది గుమ్మం. ఇల్లు ఫోల్డరు అందరూ చదవగలరు, ఎవరూ మార్చలేరు. గుమ్మంలో ఎవరైనా వేయవచ్చు. ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్ లోకి వెళితే ఈ అనుమతులు ఇవ్వవచ్చు. ఎవరైనా కొత్త ఫొటోలు గుమ్మంలో పడేస్తారు. ఆదివారం నేను చూసి, పేర్లు పెట్టి, లోపలికి తెచ్చుకుంటాను. చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టే. ఈ ఏర్పాటు లేకపోతే నెల తిరిగేసరికి ఇల్లు ఫోల్డరులో శుభోదయం బొమ్మలు రెండు వందలు ఉంటాయి.

ఆండ్రాయిడ్ ఫోనులో సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి యాప్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి వెళ్లి ఎస్‌ఎంబీ (విండోస్ ఫోల్డర్లను పంచుకునే పద్ధతి) అని ఎంచుకుని, పై చిరునామా, ఇంటి యూజర్ పేరు, పాస్‌వర్డు ఇస్తే చాలు. ఐఫోనులో ఫైల్స్ యాప్‌లోనే మూడు చుక్కల మెనూలో కనెక్ట్ టు సర్వర్ అని ఉంటుంది, వేరే యాప్ అక్కరలేదు. పాత టీవీ పెట్టె ఏదైనా ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ తెరవమని అడిగితే తెరవకండి. 2017లో ప్రపంచమంతా వ్యాపించిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై అనే వైరస్ అందులోని లొసుగునే వాడుకుంది.

జెల్లీఫిన్

ఫోల్డరు పంచుకుంటే ఫైళ్లు అందుతాయి, కానీ అత్తయ్యకు ఫైళ్ల జాబితా కాదు, బొమ్మలతో కనబడే తెర కావాలి. దానికి జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. 2018 చివర్లో ఎంబీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ తన మూల కోడును అందరికీ చూపడం మానేసినప్పుడు, దాని పాత రూపాన్ని తీసుకుని కొందరు విడిగా నడుపుతున్న ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. ఇదే పని చేసే ప్లెక్స్ కూడా బాగుంటుంది. కానీ నా ఇంట్లో నా వీడియో చూడడానికి వేరే సంస్థ దగ్గర ఖాతా తెరవడం నాకు రుచించలేదు.

విండోస్ ఇన్‌స్టాలరు దించి నడపండి. మామూలుగా పెట్టాలా, సర్వీసుగా పెట్టాలా అని అడుగుతుంది. మామూలుగా అయితే మీరు లాప్‌టాప్‌లోకి లాగిన్ అయ్యాకే మొదలవుతుంది. సర్వీసుగా అయితే యంత్రం లేవగానే తనంతట తానే లేస్తుంది. నేను రెండోది ఎంచుకున్నాను. తర్వాత బ్రౌజరులో ఆ ఐపీ చిరునామా, దాని పక్కన నిలువుగా రెండు చుక్కలు (:), 8096 అని కొడితే జెల్లీఫిన్ పేజీ వస్తుంది. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్కుకు మాత్రమే ఇవ్వండి.

లైబ్రరీ చేర్చేటప్పుడు అది ఏ రకమో అడుగుతుంది. ఇక్కడ తొందరపడకండి. నేను తొందరపడి పెళ్లి వీడియోల ఫోల్డరును సినిమాలు అని చేర్చాను. జెల్లీఫిన్ పాపం బుద్ధిగా ఇంటర్నెట్‌లో వెతికి, మా పెళ్లికి ఎవరో విదేశీ దంపతుల పోస్టరు అంటించింది, కింద కథాసారాంశం, రేటింగుతో సహా. అత్తయ్య దాన్ని చూసి నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు. ఇంటి వీడియోలకు హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్ అనే రకమే ఎంచుకోవాలి. అప్పుడు బయట వెతకదు.

అత్తయ్య టీవీ పాతది. హెచ్‌డీఎంఐలో పెట్టే స్టిక్ ఒకటి తగిలించి దాంట్లో జెల్లీఫిన్ యాప్ వేశాను. ఆవిడ పేరుతో వేరే యూజర్‌ను చేసి, ఫొటో పెట్టి, తొలగించే అధికారం తీసేశాను. రిమోటుతో పాస్‌వర్డు కొట్టే బాధ లేకుండా క్విక్ కనెక్ట్ అనే సదుపాయం ఉంది. టీవీలో ఆరంకెల కోడు వస్తుంది, దాన్ని మీ ఫోనులోని జెల్లీఫిన్‌లో కొడితే టీవీ లోపలికి వెళ్లిపోతుంది. రిమోటు వెనక చిన్న కాగితం అంటించాను: ఇల్లు బొమ్మ, ఊదారంగు త్రికోణం, గుండ్రని బటన్. మూడు నొక్కులు.

సీడీల నుంచి ఫైళ్లకు

నాకు నెలపైన పట్టిన పని ఇది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఒకటి తెచ్చాను. వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డరులో డాట్ (.DAT) అనే ముగింపుతో పెద్ద ఫైలు ఉంటుంది, అదే వీడియో. దాన్ని డిస్కులోకి కాపీ చేసి, వీఎల్‌సీలో తెరిచి, మీడియా మెనూలోని కన్వర్ట్‌తో ఎంపీ4గా మార్చండి. వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలే. నేటి పెద్ద టీవీలో ముగ్గుపిండి చల్లినట్టు కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేసి మెరుగుపరుస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి. మొహాలు మైనపు బొమ్మల్లా అవుతాయి.

డీవీడీలకు, వీడియోల రూపం మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. వీడియో టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డరును మొత్తంగా తెరిస్తే ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలు చేస్తుంది. చేతులు ఆడించినచోట అంచులు దువ్వెన పళ్లలా చీలి కనబడితే ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ పెట్టండి. షష్టిపూర్తి డీవీడీలో (చివరికి అది మరిది ఇంట్లో, అటక మీద దొరికింది) మామయ్యగారి ఉత్తరీయం ఊగినప్పుడల్లా ఆ పళ్లు కనబడేవి. ఈ ఫిల్టరుతో పోయాయి.

గీతలు పడిన సీడీని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. అప్పటికీ కాపీ ఆగిపోతే మరో డ్రైవులో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదువుతుంది.

పేర్లు మాత్రం మొదటి రోజు నుంచే పద్ధతిగా పెట్టండి. సంవత్సరం, నెల, తర్వాత సందర్భం: 2011-02 గృహప్రవేశం. ఇలా రాస్తే ఏ పరికరంలోనైనా కాలక్రమంలో వాటంతటవే వరుసకు వస్తాయి. జెల్లీఫిన్‌లో కూడా పేరు మార్చుకోవచ్చు కానీ అది దాని సొంత పుస్తకంలో రాసుకుంటుంది, రేపు జెల్లీఫిన్ తీసేస్తే ఆ పుస్తకం పోతుంది. ఫైలుకు పెట్టిన పేరు ఫైలుతోనే ఉంటుంది. తెలుగులో పేర్లు ఫోన్లలో, ఆండ్రాయిడ్ టీవీల్లో బాగానే కనబడతాయి. మరీ పాత టీవీలో గళ్లు గళ్లుగా వస్తే ఆ కొన్నింటికి ఇంగ్లిషు అక్షరాలు వాడక తప్పదు.

టీవీ తడబడితే

అమ్మాయి కొత్త ఫోనులో తీసిన వీడియో పెడితే టీవీలో పది సెకన్లు ఆడి ఆగింది. లాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా మోత మోగింది. కొత్త ఫోన్లు చాలావరకు వీడియోను హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి దాస్తాయి. టీవీకి అది అర్థం కాకపోతే సర్వర్ అప్పటికప్పుడు అనువాదం చేసి పంపాలి, దాన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో ప్లేబ్యాక్ విభాగంలో ఇంటెల్ క్విక్‌సింక్ ఎంచుకుంటే ఆ బరువు ప్రాసెసరులోని ప్రత్యేక భాగం మోస్తుంది. ఆరో తరం ఇంటెల్ 8 బిట్ల హెచ్‌ఈవీసీని అలా విప్పగలదు, 10 బిట్లది విప్పలేదు. ఏడో తరం నుంచి అదీ చేస్తుంది. మాది ఆరోది కనుక, 10 బిట్లలో ఉండే హెచ్‌డీఆర్ (వెలుగునీడలు ఎక్కువగా పట్టే) వీడియోలకు చేతులెత్తేసింది.

దీనికి ఖరీదైన కంప్యూటర్ కొనాలనే ఆలోచన రావచ్చు, వద్దు. రాత్రి పడుకునే ముందు ఆ వీడియోలను హ్యాండ్‌బ్రేక్ వరుసలో పెట్టి, ఫాస్ట్ 1080పీ30 అనే అమరికతో మార్చేస్తాను. తెల్లారేసరికి ఏ టీవీకైనా అర్థమయ్యే ఫైళ్లు సిద్ధం. అసలు ఫైలు వేరే ఫోల్డరులో అలాగే ఉంచుతాను.

న్యూజెర్సీ చెల్లెలు

దూరంలో ఉన్నవారికి చూపించాలని రూటరులో 8096 పోర్టును బయటి ప్రపంచానికి తెరవకండి. ఒకటి, అది మీ ఇంటి తలుపు తెరిచి పడుకోవడమే. రెండు, మన దగ్గర చాలా కనెక్షన్లలో అనేక ఇళ్లు ఒకే బయటి చిరునామాను పంచుకుంటాయి కనుక తెరిచినా పనిచేయకపోవచ్చు. దూరంగా ఉన్న పరికరాలను ఒకే ఇంట్లో ఉన్నట్టు కలిపే టెయిల్‌స్కేల్ అనే యాప్ లాప్‌టాప్‌లో ఒకటి, చెల్లెలి టాబ్లెట్‌లో ఒకటి వేసి, రెండింటినీ కలిపాను. సర్వర్‌కు వందతో మొదలయ్యే ఇంకో చిరునామా వస్తుంది, దాని పక్కన 8096 కొడితే చాలు. సొంత వాడకానికి ఉచితం. డీవీడీ నాణ్యత వీడియో చక్కగా వెళుతుంది. ఎక్కువ నాణ్యతవి మన అప్‌లోడ్ వేగాన్ని బట్టి ఉంటాయి.

రెండో డిస్కు

సర్వర్ ఉంది కదా అని ఫోన్లలోవి తుడిచేయకండి. ఒకే డిస్కులో ఉన్నది ఒక్క దెబ్బతో పోతుంది. అదే కొలతలో రెండో డిస్కు కొని, ఫ్రీఫైల్‌సింక్‌తో నకలు తీసి, ఉయ్యూరులో అన్నయ్య ఇంట్లో ఉంచాను. పండగకు వెళ్లినప్పుడు తెచ్చి, కొత్తవి చేర్చి, మళ్లీ ఇచ్చేస్తాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ కాకుండా అప్‌డేట్ అనే పద్ధతి ఎంచుకోండి. మిర్రర్ అయితే ఇక్కడ పొరపాటున తుడిచేసింది అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది.

మా పెళ్లి సీడీల్లో మొదటిది, మూడోది వచ్చాయి. రెండోది నాలుగు డ్రైవుల్లో పెట్టినా చదవలేదు. అంటే జీలకర్ర బెల్లం ఉంది, అప్పగింతలు ఉన్నాయి, మధ్యలో తలంబ్రాలు లేవు. అత్తయ్య మూడు నొక్కులు నొక్కి రెండూ చూసేసి, పైకి ఫోను చేశారు. "ఏలూరు పిన్నికి అప్పట్లో ఒక సెట్టు ఇచ్చాం కదమ్మా, అడిగావా?" వచ్చే ఆదివారం ఏలూరు వెళుతున్నాం. డీవీడీ డ్రైవు కూడా సంచిలో పెట్టాను.